చిలకను కొనబోతే

ఆమెను నేను మొదటిసారి చూసినప్పుడు నాకు కనిపించినవి రెండు నీలం చెప్పులు మాత్రమే.

మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయిన పాతకాలపు జాలీ తలుపుల లిఫ్ట్. మూడో అంతస్తులో నిలబడిన నా కళ్ళకు సరిగ్గా ఎదురుగా ఆ చెప్పులు. వాటిలో ఒకటి నేలను టపటపా కొడుతోంది.

"ఫోన్ చేసి ఎంతసేపైంది? ఇప్పుడా రావడం?" అంది చెప్పుల పైనెక్కడో ఉన్న గొంతు.

"నాకెవరూ ఫోన్ చెయ్యలేదండీ."

"చొక్కా మీద లిఫ్ట్ కంపెనీ పేరుంది. పైనుంచి బాగానే కనిపిస్తోంది. బుకాయించకండి."

తలొంచి చూసుకున్నాను. నిజమే. కొత్తవాళ్ళింటికి వెళ్తున్నావు, ఇస్త్రీ చొక్కా వేసుకుని తగలడు అని మా అక్క చెప్పింది. ఇస్త్రీ చేసి ఉన్నది మా కంపెనీ యూనిఫామ్ ఒక్కటే.

"నేను లిఫ్ట్ మెకానిక్‌నేనండీ. కానీ ఈ లిఫ్ట్ మా కంపెనీది కాదు."

"అయితే? నన్ను ఇందులోనే వదిలేసి వెళ్తారా?"

వెళ్ళలేదు. వాచ్‌మన్ దగ్గర తాళాలు తీసుకుని, మేడ మీదున్న మోటారు గదికెళ్ళి, మెయిన్ ఆపేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ లిఫ్ట్‌ను కిందకు దించాను. చెమటలు కక్కుతూ నేను మెట్లు దిగొచ్చేసరికి చెప్పులకు పైన మనిషి కూడా ఉంది. గుండ్రటి కళ్ళద్దాలు, హడావిడిగా ముడేసిన జుట్టు, చేతిలో కూరగాయల సంచీ, ముఖాన కోపం. అన్నీ ఆమెకు నప్పాయి, కోపంతో సహా.

"ఎంతివ్వాలి?" అంది.

"ఏమీ వద్దండీ. నేను గిటార్ కోసం వచ్చాను."

"ఏ గిటార్?"

"చిలక."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గోరింక మీరేనా?"

"నేనే."

"అయ్యో! మీ మెసేజ్‌లు చూసి ఎవరో రిటైరైన పెద్దాయననుకున్నాను. ప్రతి మెసేజ్ చివర నమస్కారాలు పెడతారు కదా!"

అది పొగడ్తో ఎగతాళో నాకు అర్థం కాలేదు. ఆ అర్థం కాకపోవడం ఆ రోజుతో పోలేదు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, లేకపోతే మీరూ నాలాగే తల గోక్కుంటారు. ఎప్పుడో మూతబడిన ఒక ఫ్యాక్టరీ, మూతబడే ముందు రెండు రకాల ఎలక్ట్రిక్ గిటార్లు చేసింది. ఒకటి పచ్చది. దాని తల ముక్కులా వంకర తిరిగి ఉంటుంది. రెండోది నల్లగా, పసుపు బటన్లతో ఉంటుంది. పాత గిటార్లు పోగుచేసే మా గ్రూపులో వాటిని చిలక, గోరింక అంటాం. ఈ పేర్లు నేను పెట్టలేదు. మా గ్రూపులో మనుషులకు పేర్లుండవు, ఎవరి దగ్గర ఏ గిటారుంటే అదే వాళ్ళ పేరు. నా దగ్గర గోరింక ఉంది. దాని జోడీ ఎప్పుడు దొరుకుతుందా అని కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాను. ఆమె చిలకను అమ్ముతున్నానని పోస్ట్ పెట్టగానే ధర మాట్లాడేసుకున్నాం. ఇక మిగిలింది పాట.

పాట అంటే మా గ్రూపు ఆనవాయితీ. పాత వస్తువుని మాట నమ్మి కొనకూడదు. కొనేవాళ్ళు అమ్మేవాళ్ళింట్లో కూర్చుని, దానిమీద ఒక పాట మొదటినుంచి చివరిదాకా వాయించాలి. మధ్యలో శబ్దం తెగితే ఆ రోజుకు బేరం లేదు, బాగుచేసి ఇంకో రోజు మళ్ళీ వాయించాలి. చివరి స్వరం మోగిందా, గిటార్ చేతులు మారిపోయినట్టే. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ మాట మార్చకూడదు.

వాళ్ళింటి ముందుగదిలో సగం కుట్టు మిషన్, సగం గిటార్లు. మిషన్ ముందు వాళ్ళమ్మగారు, మెడలో టేపుతో.

"లిఫ్ట్ బాగైందా బాబూ? పన్లో పని, వంటింట్లో కుళాయి కూడా కారుతోంది. కాస్త చూస్తావా?"

"అమ్మా! ఆయన గిటార్ కొనడానికొచ్చారు."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఆ మాట ముందే చెప్పొద్దూ! రా బాబూ, కూర్చో. కావాలంటే రెండు పట్టుకెళ్ళు."

ఆవిడ బాధ ఆవిడది. బట్టలు సరిపోయాయో లేదో చూసుకోవడానికి ఎవరైనా తెర వెనక్కి వెళ్తే, అక్కడ రెండు గిటార్లు ముందే నిలబడి ఉంటాయి. అందుకే ఒక రూల్ పెట్టింది. ఇంట్లోకి ఒకటి రావాలంటే ఒకటి పోవాలి. కూతురు ఎక్కడో ఒక ఎర్ర గిటార్ మీద మనసు పడింది. అది రావాలంటే చిలక పోవాలి.

నేను చిలకను ఒళ్ళో పెట్టుకున్నాను. ఆంప్ అనే స్పీకర్ పెట్టె ఆన్ చేసి మొదలుపెట్టాను.

కాసేపు విని ఆమె అడిగింది. "ఇంత స్లోగానా?"

"నాకు వచ్చింది ఈ ఒక్క పాటే. ఇంకా ఫాస్ట్ అంటే మీరే వాయించాలి."

"నాకు ఆ ఒక్కటి కూడా రాదు."

ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. వంట రానివాళ్ళు గిన్నెలు పోగుచేసినట్టుంది మా ఇద్దరి సంగతీ. ఆమె పుసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను. పక్కన కుట్టు మిషన్ ఆగింది.

పాట సగంలో వాల్యూమ్ తగ్గిద్దామని బటన్ తిప్పానో లేదో, ఆంప్ లోంచి బరబరమని చప్పుడు. శబ్దం తెగింది. గిటార్ వెనక మూత విప్పి చూస్తే లోపల ఏళ్ళనాటి దుమ్ము. జేబులో ఎప్పుడూ ఉండే స్క్రూడ్రైవర్ తీసి అక్కడే శుభ్రం చేశాను. వాళ్ళమ్మగారు టీ గ్లాసుతో వచ్చి, నా వెనకే నిలబడి, ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో, ఇది ఊడితే ఏమవుతుందో అన్నీ అడిగి తెలుసుకుంది. ఎంత శ్రద్ధ అని మెచ్చుకున్నాను కూడా.

"ఇప్పుడు బాగుంది కదా. మళ్ళీ వాయించనా?" అన్నాను.

"ఈ రోజు తెగింది కాబట్టి ఈ రోజుకు లేదు. రూల్ అంటే రూలే. వచ్చే ఆదివారం రండి," అంది ఆమె.

ఖాళీ చేతులతో ఇంటికెళ్తూ, దారంతా ఎందుకు ఈల వేస్తున్నానో నాకే తెలియలేదు.

మరుసటి ఆదివారం లిఫ్ట్ ఎక్కకుండా మెట్లెక్కాను. పాట పల్లవి దాటిందో లేదో చిలక మూగబోయింది. మూత విప్పితే స్విచ్ దగ్గర ఒక తీగ ఊడి వేలాడుతోంది.

"పోయినసారి గట్టిగానే ఉందే!" అన్నాను.

"మరి ఎలా ఊడింది?" అంది ఆమె, నా కళ్ళలోకి గుచ్చి చూస్తూ.

టంకం పెట్టి అతికించాను. ఆమె టార్చ్ పట్టుకుంది. కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తుందట. చిన్న చిన్న స్క్రూలతోనే రోజంతా కాపురమట. టార్చ్ పట్టుకున్న చెయ్యి ఒక్కసారి కూడా కదలలేదు. కదిలింది నా చెయ్యే.

"లిఫ్టూ, చెయ్యి కాలుతుంది, జాగ్రత్త," అంది.

"లిఫ్టూ ఏంటి? నేను గోరింకను కదా?"

"ఆ పేరు పెద్దాయనది. నువ్వు లిఫ్టువి."

నువ్వు! మెట్లు దిగుతుంటే కాళ్ళు నేలకు ఆనలేదు.

మా అక్క మందుల షాపులో పనిచేస్తుంది. జ్వరమా, జలుబా, ప్రేమా, మాట వినగానే చెప్పేస్తానని దానికి గట్టి నమ్మకం.

"ఒరేయ్, అతికించిన తీగ తనంతట తను ఊడుతుందా?" అంది రాత్రి భోజనం దగ్గర.

"ఊడదు."

"ఇంట్లో గిటార్ గురించి తెలిసినవాళ్ళెవరు?"

"తనొక్కతే. వాళ్ళమ్మకైతే ఇవి ఇంట్లోంచి పోతే చాలు."

"మరింకేం? ఆ అమ్మాయే ఊడగొడుతోంది. బేరం అయిపోతే నువ్వు మళ్ళీ రావు కదా, అందుకు. ఇంత చిన్న విషయం నేను చెప్పాలా?"

నా గుండె గుభేలుమంది. తర్వాత తీయగా అయింది. ఆ తర్వాత మళ్ళీ గుభేలుమంది. ఆ వారమంతా లిఫ్టుల్లో పైకీ కిందకీ తిరుగుతూ నేను ఏ అంతస్తులో ఉన్నానో మర్చిపోయాను.

మూడో ఆదివారం వాన. తడిసి ముద్దై వెళ్ళాను. ఆమె తువ్వాలు ఇచ్చింది. కిటికీ అద్దం మీద చినుకులు, గదిలో మిషన్ చప్పుడు, ఎదురుగా ఆమె. నేను కళ్ళు మూసుకుని వాయించాను. రెండో చరణం దాకా వెళ్ళానో లేదో టక్‌మని ఆగిపోయింది. కేబుల్ పెట్టే చోట జాక్ వదులై ఊగుతోంది. బిగిస్తుంటే ఏదో నూనె వాసన కూడా వచ్చింది. వానాకాలం కదా అనుకున్నాను. వానకూ నూనెకూ ఏంటి సంబంధమని ఆ క్షణంలో నాకు తట్టలేదు. నా బుర్ర నా దగ్గర లేదు.

నేను తలెత్తి నవ్వాను. "ఇది ఎవరి పనో నాకు తెలుసు."

ఆమె ముఖం ఎర్రబడింది. "నాకూ తెలుసు."

"తెలిసీ ఏమీ అనట్లేదా?"

"నువ్వే చెప్తావని చూస్తున్నాను."

"చెప్తాను. తొందర్లోనే," అన్నాను. ఆమె ఏదో అనబోయి, పెదవి కొరుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. సిగ్గు అనుకున్నాను! వాళ్ళమ్మగారు ఇచ్చిన గొడుగు గుమ్మంలోనే మర్చిపోయి, వానలో నవ్వుకుంటూ ఇంటికెళ్ళాను. అక్క నన్ను చూసి జలుబు మాత్రలు ఇచ్చి, "కంగ్రాట్స్ రా," అంది.

రెండ్రోజుల తర్వాత ఆమె మెసేజ్ వచ్చింది. 'వచ్చే ఆదివారమే ఆఖరు. ఆ రోజు పాట పూర్తయితే మీది. లేకపోతే ఇంకొకాయనకు ఇచ్చేస్తాను, ఆయన్ని కూడా రమ్మన్నాను. మీ ఆటలు ఇక చాలు. నమస్కారాలు.'

మీది. మీ ఆటలు. నమస్కారాలు!

ఎన్నిసార్లు చదివినా ఒక్క ముక్క అర్థం కాలేదు. అక్కకు చూపించాను. అది కూడా మొదటిసారి నోరు మూసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పని మధ్యలో వాళ్ళ షాపుకు పరిగెత్తాను. కళ్ళు పరీక్ష చేయించుకోవాలంటే తప్ప లోపలికి పంపరట. చేయించుకుంటానన్నాను. చీకటి గదిలో కుర్చీ, ఎదురుగా గోడ మీద వెలుగుతున్న అక్షరాల బోర్డు. తెల్లకోటు వేసుకుని వచ్చిన ఆమె నన్ను చూసి ఆగిపోయింది. తర్వాత ఏమీ ఎరగనట్టు నా ముక్కు మీద బరువైన ఇనుప ఫ్రేమ్ పెట్టింది.

"కిందినుంచి రెండో వరుస చదవండి."

"నా తప్పేంటో చెప్పు."

"ఆ వరుసలో అలా రాసి లేదు." ఒక అద్దం తీసి ఇంకోటి పెట్టింది. "ఇది బాగుందా, ముందుది బాగుందా?"

"ముందున్నదే బాగుంది. అప్పుడు నన్ను 'నువ్వు' అనేదానివి."

"గడ్డం కదపకండి." ఆమె ఇంకో అద్దం మార్చింది. "మా గ్రూపులో మీలాంటివాళ్ళను చూశాను. వచ్చినప్పుడల్లా బాగుచేస్తున్నట్టు మూత విప్పి, పోయేటప్పుడు ఏదో ఒకటి వదులు చేసి పోవడం. నాలుగుసార్లు తిప్పించి, ఇన్ని రోగాలున్న గిటార్‌కు అంత ధరేంటని తగ్గించమనడం. మీరు అలాంటివారు కాదనుకున్నాను. అదీ నా బాధ."

"నేనా? నేను పాడుచేస్తున్నానా?"

"మీరు తప్ప దాన్ని ముట్టుకునేదెవరు?"

"నువ్వు!"

"నా గిటార్‌ను నేనే పాడుచేసుకుంటానా? ఎందుకు?"

చెప్పడానికి సిగ్గేసింది. కానీ ముఖం మీద అంత పెద్ద ఫ్రేమ్ ఉంటే సిగ్గు ఎవరికి కనిపిస్తుందిలే అనుకున్నాను.

"నేను మళ్ళీ రావాలని."

ఆమె చేతిలోని అద్దం పెట్టెలో పడి ఖంగుమంది. కాసేపటికి ఏదో ఒక అద్దం తీసి నా కంటి ముందు పెట్టింది.

"ఇప్పుడు ఎలా కనిపిస్తోంది?" అంది, చాలా మెల్లగా.

"అంతా మసకగా ఉంది."

"నాకూ," అంది. వెంటనే గొంతు సవరించుకుని ఫ్రేమ్ తీసేసింది. "మీ కళ్ళకు ఏ లోపమూ లేదు. ఆదివారం రండి. ఆ ఇంకొకాయనకు మాటిచ్చాను, ఇప్పుడు వద్దనలేను."

బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాను. నేను చెయ్యలేదు. తను చెయ్యలేదంటోంది. మరి తీగ ఎలా ఊడింది? అదొక్కటే కాదు. ఆదివారం పాట పూర్తయితే చిలక నాది, ఇక వాళ్ళింటికి వెళ్ళడానికి నాకు వంక ఉండదు. పూర్తి కాకపోతే చిలకా పోతుంది, నేను దొంగనని ఆమె మనసులో ఉండిపోతుంది. ఎటు చూసినా నష్టం నాకే. ఇన్నేళ్ళు కోరుకున్న గిటార్ వద్దనిపించడం నాకదే మొదటిసారి.

ఆఖరి ఆదివారం వచ్చింది. ఆమె తలుపు తీసింది కానీ మాట్లాడలేదు. వాళ్ళమ్మగారు మిషన్ మీద ఏదో తెల్లబట్ట కుడుతూ, "రా బాబూ," అంది. ఆవిడ గొంతులో మాత్రం ఏ మార్పూ లేదు.

కేబుల్ పెట్టాను. ఆంప్ ఆన్ చేశాను. తీగ మీటాను.

చప్పుడే లేదు. చిలక పూర్తిగా మూగది.

ఆమె చేతులు కట్టుకుంది. "మీరిప్పుడేగా పట్టుకున్నారు. అందరి ముందూ. పోయినసారి మీరు వెళ్ళాక నేను మీటి చూస్తే మోగింది, ఈసారి మిమ్మల్ని అనలేను."

"నిన్ను నేను అనొచ్చా?"

"ఒట్టు. ఆ తర్వాత వారమంతా నేను ముట్టుకోలేదు."

అబద్ధం చెప్పే ముఖం కాదది. నేను చిలకను బోర్లా తిప్పి, మూత విప్పే ముందు మొదటిసారి ఆ స్క్రూల వైపు సరిగ్గా చూశాను. పనిలో నాకు అలవాటే. లిఫ్ట్ ఎవరు ముట్టుకున్నారో స్క్రూ తల చూసి చెప్పొచ్చు. ఈ మూడు వారాలూ నా చూపు ఇంకెక్కడో ఉంది కాబట్టి స్క్రూలు కనిపించలేదు.

"టార్చ్ పట్టుకో," అన్నాను. పట్టుకుంది.

స్క్రూ తల మీద గాడికి రెండు పక్కలా కొత్తగా, తళతళా మెరుస్తూ గీతలు. నా స్క్రూడ్రైవర్ పెట్టి చూశాను. సన్నది, ఆ గీతల దాకా రాదు.

"నీది తియ్యి."

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి కళ్ళద్దాల స్క్రూడ్రైవర్ తీసింది. అది నాదానికంటే చిన్నది. గాడిలో పడి గిరగిరా తిరిగింది.

"మనిద్దరిదీ కాదు," అంది మెల్లగా. "దీనికంటే వెడల్పైనది."

మూత తీశాను. వాల్యూమ్ తీగ ఊడి ఉంది. దాని చుట్టూ జిగజిగా నూనె. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఆమె కూడా వంగి చూసింది. మా ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. అయినా ఎవరం జరగలేదు.

"ఈ వాసన..." అంది ఆమె. "పుట్టినప్పటినుంచి నాకు తెలుసు."

పక్కన కుట్టు మిషన్ ఆగిపోయింది.

ఇద్దరం మెల్లగా అటు తిరిగాం. మిషన్ బల్ల మీద, దారపు ఉండల పక్కన, నూనె డబ్బాకు ఆనుకుని ఒక పొట్టి, వెడల్పాటి స్క్రూడ్రైవర్ ఉంది. వాళ్ళమ్మగారు దాని మీదకు తెల్లబట్టను మెల్లగా జరుపుతోంది.

"అమ్మా!"

"ఏంటే, అలా అరుస్తావు? సూది గుచ్చుకుంటుంది."

"గిటార్ పాడుచేసింది నువ్వా?"

"పాడుచెయ్యడమేంటి? ఒక తీగ ఊడదీశాను. మొదటిరోజు ఈ అబ్బాయే చూపించాడుగా, ఏది ఊడితే ఏమవుతుందో. మళ్ళీ అతికిస్తే అతుక్కునేవే ఊడదీశాను. ఆ మాత్రం తెలియదా నాకు?"

"మరి నూనె?"

"కీచుమంటుందేమోనని ముందు జాగ్రత్తకు వేశాను. అది కూడా తప్పేనా?"

ఆమె నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఒకటి పోతే గానీ ఇంకోటి రాకూడదని రూల్ పెట్టింది నువ్వే కదమ్మా! పోతుంటే ఆపడమేంటి?"

వాళ్ళమ్మగారు మెడలో టేపు తీసి చుట్టింది. విప్పి మళ్ళీ చుట్టింది.

"పెట్టాను. ఎందుకు పెట్టాను? నువ్వు షాపు నుంచి రావడం, వీటిని తుడుచుకుంటూ గోడకేసి కూర్చోవడం. పిలిస్తే పలకవు. మీ నాన్న పోయాక ఈ ఇంట్లో మిషన్ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు విన్నానా? ఈ అబ్బాయి వచ్చిన రోజు నువ్వు నవ్వావు. మిషన్ ఆపి మరీ విన్నాను, నా చెవులు నేను నమ్మలేక. మరి ఈ పచ్చదాన్ని పట్టుకుని ఇతను వెళ్ళిపోతే, మళ్ళీ ఎందుకొస్తాడే?"

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అద్దాల మీద మరకలేమీ లేవు.

"నువ్వు చేసిన పనికి నేను ఇతన్ని ఎన్ని మాటలన్నానో తెలుసా?" అంది.

"అన్నావా? పాపం." ఆవిడ నా వైపు తిరిగింది. "నన్ను తిట్టు బాబూ. పెద్దదాన్నని చూడకు."

నాకు తిట్టాలనిపించలేదు. లేచి ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. ఒళ్ళో గిటార్ ఉండబట్టి ఆగాను.

"తీగ అతికించి వాయించు లిఫ్టూ," అంది ఆమె. "ఆ ఇంకొకాయన వచ్చే టైమైంది. అన్న మాట అన్నట్టే. పాట పూర్తయితే చిలక నీది."

మళ్ళీ నువ్వయ్యాను. అతికించాను. నూనె తుడిచాను. మొదలుపెట్టాను.

ఆ రోజు చిలక ఎక్కడా తడబడలేదు. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. రెండోది కూడా అయింది. ఏ తీగా ఊడలేదు, ఏ బటనూ బరబరమనలేదు. నేను వీలైనంత మెల్లగా వాయించాను, కానీ ఎంత మెల్లగా వాయించినా పాట అన్నాక అయిపోతుంది. ఆమె నేలకేసి చూస్తోంది. వాళ్ళమ్మగారు మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఒక్క స్వరం మిగిలింది.

నేను ఆపేశాను.

ఆమె తలెత్తింది. "ఏమైంది? శబ్దం తెగిందా?"

"తెగలేదు. గిటార్ నిక్షేపంలా ఉంది."

"మరెందుకు ఆపావు?"

"ఇది కూడా వాయిస్తే బేరం అయిపోతుంది. బేరం అయిపోతే నేను వెళ్ళిపోవాలి." చెప్పేశాను. "నాకు చిలక కావాలని వచ్చిన మాట నిజమే. ఇప్పుడు నాకు ఆదివారాలు కావాలి. టార్చ్ పట్టుకునే మనిషి కావాలి. నువ్వంటే నాకు చాలా ఇష్టం. నీకు ఇష్టం లేకపోతే చెప్పు, ఆ ఒక్క స్వరం వాయించేసి వెళ్ళిపోతాను."

ఆమె చటుక్కున చెయ్యి చాపి గిటార్ తీగలన్నిటినీ అరచేత్తో అదిమి పట్టేసింది.

"వాయించావో, చూడు," అంది. కళ్ళలో నీళ్ళు, పెదవుల మీద నవ్వు. ఏది దేనికో ఈసారి నేను తికమకపడలేదు.

సరిగ్గా అప్పుడే బయటినుంచి కేకలు. "ఎవరండీ అక్కడ? లిఫ్ట్ ఆగిపోయింది! గిటార్ కోసం వచ్చానండీ! ఎవరైనా ఉన్నారా?"

ముగ్గురం ముఖాలు చూసుకున్నాం.

"వెళ్ళి దించు పాపం," అంది ఆమె.

"ఇది మా కంపెనీ లిఫ్ట్ కాదు," అన్నాను.

"దించి, చిలకను అమ్మట్లేదని చెప్పు."

"పాట పూర్తి కాలేదుగా. ఎవరికి అమ్మినట్టు?"

"ఎవరికీ కాదు. ఎప్పటికీ కాదు. వెళ్ళు!"

వెనకనుంచి వాళ్ళమ్మగారి గొంతు గట్టిగా వినిపించింది. "ఇంట్లోకి ఒకటి రావాలంటే ఒకటి పోవాలి, నా రూల్ నాదే! అల్లుడొస్తే ఆ తెర వెనకవి రెండూ పోవాలి, ముందే చెప్తున్నా!"

పోయాయి. ఇప్పుడవి మా ఇంట్లో ఉన్నాయి, ఆమెతో పాటు. ఎర్ర గిటార్ కూడా వచ్చింది. చిలకా గోరింకా మంచం పైన గోడకు పక్కపక్కనే వేలాడుతున్నాయి. మా అక్క వచ్చినప్పుడల్లా వాటిని చూపించి, ఈ సంబంధం కుదిర్చింది నేనేనని అందరికీ చెప్తుంది. దాని లెక్క మొదటినుంచీ తప్పేనని ఎవరమూ అనం.

ఆదివారం మా అత్తగారు వస్తుంది. సంచిలో ఆ పొట్టి స్క్రూడ్రైవర్ ఉంటుందని నాకు తెలుసు. టీ తాగాక నేను చిలకను ఒళ్ళో పెట్టుకుని అదే పాట, అంతే మెల్లగా వాయిస్తాను. చివరి స్వరం దగ్గరికి రాగానే ఒక చెయ్యి వచ్చి తీగలన్నిటినీ అదిమి పట్టుకుంటుంది. చిలక మీద ఆ స్వరం ఎలా ఉంటుందో నేను ఇప్పటిదాకా వినలేదు.